అమృత మాట వచ్చేదాకా

నంద్యాలలో బస్సు దిగినప్పటి నుంచి సంజీవయ్య మనవరాలికి ఒకటే పాఠం చెబుతున్నాడు.

"పాపా, నువ్వు నమస్కారం పెట్టి కూచో. కడమది నేను చూసుకుంటా."

అమృత ఏదో చెప్పబోయింది. పుట్టినప్పటి నుంచి ఆమె నాలుకా మెడా బిగుసుకుపోయి ఉంటాయి. మాట రావాలంటే ముందు గడ్డం పైకి లేవాలి, పెదవి ఒక పక్కకు పోవాలి. వచ్చిన మాట మాత్రం పుచ్చులేని గింజలా ఉంటుంది. కానీ అంతదాకా ఆగేదెవరు? సంజీవయ్య భార్య, అమృత జేజి రామమ్మ ఆగుతుంది. సంజీవయ్య ఆగడు. బిడ్డ అవస్థ చూడలేక, ఇరవై మూడేళ్లుగా ఆ మాట తనే అందుకుని చెప్పేస్తున్నాడు. "నీళ్లు గదా?" "అన్నం వద్దంటాండావ్ గదా?" సగం సార్లు సరిపోయేది. మిగతా సగం ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అని రామమ్మ కసురుతూనే ఉండేది.

ఇప్పుడొచ్చింది చిన్న సంగతి కాదు. డిగ్రీ అయ్యాక అమృత తొమ్మిది చోట్ల ఇంటర్వ్యూలకు పోయింది. తొమ్మిది చోట్లా ఆమె మాట పూర్తి కాకముందే "కబురు చేస్తాంలే" అని పంపేశారు. ఈ విత్తనాల కంపెనీ పదోది. ల్యాబులో మొలకలు లెక్కపెట్టి కంప్యూటర్లో ఎక్కించే పని. ఇదీ పోతే ఇంక ఏ దరఖాస్తూ పెట్టనని జేజితో తేల్చి చెప్పేసింది. అది విన్న దగ్గర నుంచి సంజీవయ్యకు ముద్ద దిగడం లేదు. అందుకే కంపెనీవాళ్లు ఫోన్ చేసినప్పుడు తనే ఎత్తి, "పాపకు గొంతు నొప్పి, నాతోనే చెప్పండి" అన్నాడు.

కంపెనీలో ఆఫీసరు ఫిలిప్ కుర్చీ చూపించాడు. "రామ్మా, కూర్చో. గొంతు నొప్పి తగ్గిందా?"

అమృత జేజినాయన వైపు చూసింది. జేజినాయన ఫ్యాను వైపు చూశాడు.

ఫిలిప్ కాగితాలు ముందుకు జరిపాడు. "ఈమె అంతా రాసింది పెద్దాయనా. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ పెట్టింది. 'నాకు మాట నిదానంగా వస్తుంది, పూర్తయ్యేదాకా ఆగండి' అని కింద రాసింది. గొంతు నొప్పి సంగతే రాయలేదు."

"అది వచ్చి పోతాంటాది సార్," అన్నాడు సంజీవయ్య.

ఫిలిప్ నవ్వు ఆపుకున్నాడు. "అమృతా, విత్తనాల పని ముందేమన్నా చేసినావా?"

ఆమె గడ్డం లేచింది.

"చేసింది సార్! ప్రతి ఏడూ శనగ విత్తేముందు నూరు గింజలు తడి గోనెపట్టలో చుట్టి పెడతాం. మొలకలు లెక్కపెట్టేది ఈ పాపే. చుట్టుపక్కల రైతులూ తెచ్చిస్తారు."

"ఎన్ని మొలిస్తే విత్తుతారమ్మా?"

"ఎనభై దాటాల సార్!"

"పెద్దాయనా, ఉద్యోగం నీకా, అమ్మాయికా?"

"నాకెందుకు సార్, డెబ్బై ఆరు నిండినాయి."

"అయితే బయట బెంచీ మీద కూచోప్పా. తలుపు తీసే ఉంటాదిలే."

సంజీవయ్య బయట కూర్చున్నాడు. ఫిలిప్ గొంతు వినబడింది. "నీ మాట ఆలస్యమైతే పనికి ఇబ్బంది రాదా అని మా మేనేజరు అడుగుతాడు. ఏం చెప్పమంటావ్?"

తర్వాత ఏమీ వినబడలేదు. గేటు దగ్గర లారీ ఆగింది. నాలుగు మూటలు దించారు. అయినా మాట రాలేదు. బిడ్డ ఇరుక్కుపోయిందని సంజీవయ్య ప్రాణం కొట్టుకుంది. రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు. చివరికి కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడు వచ్చింది అమృత గొంతు, ఒక్కొక్క మాటగా.

"పోయినేడు నరసింహులు చిన్నాయన శనగలు తెచ్చినాడు. లెక్కపెట్టినా. యాభై రెండే మొలిచినాయి. నేను నోరు తెరిచేలోపల మా జేజినాయన 'బాగుండాయి, విత్తుకో పో' అన్నాడు. ఆయప్ప బండెక్కి పోయి ఆ పొద్దే విత్తేసినాడు. చేను సగమే లేచింది. మా జేజినాయన బాధపడతాడని ఇంట్లో చెప్పలేదు." మళ్లీ చాలాసేపు ఆగింది. "నా మాట ఆలస్యమయ్యి పోలేదు సార్ ఆ చేను. ఆగకపోబట్టి పోయింది."

సంజీవయ్య నోట్లోంచి కండువా జారింది. నరసింహులు చేను కోసం ఏడాదిగా వానను తిట్టినవాడు తను. ఆ కండువాతోనే కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి ఫిలిప్ బయటికి వచ్చాడు. "సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నా. లెక్కలు టైపు చేసి పంపుతుంది. నోటితో అడిగినప్పుడు ఆగాలని మావాళ్లకు నేను చెప్పి పెడతా. నువ్వు మాత్రం రావద్దు పెద్దాయనా."

ఆళ్లగడ్డ బస్సులో కిటకిటగా జనం. సీటు దొరికాక సంజీవయ్య మెల్లగా అన్నాడు. "పాపా, నరసింహులుకు నేనే పోయి చెప్తాలే, తప్పు నాదని."

అమృత ఆయన చెయ్యి పట్టుకుంది. అంతలో కండక్టరు వచ్చాడు.

"యాడికమ్మా?"

సంజీవయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

"బిన్నా చెప్పమ్మా, ఇంగా ముప్పై మంది ఉండారు. ఏం పెద్దాయనా, నువ్వన్నా చెప్పు!"

"అడిగింది పాపను గదప్పా? ఆగు."

కండక్టరు ఆగాడు. వెనకవాళ్లు తొంగిచూశారు. అమృత గడ్డం పైకి లేచింది, పెదవి పక్కకు పోయింది.

"ఆళ్లగడ్డ," అంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించింది. "నాకు జీరో టికెట్. ఈయనకొకటి కొట్టు. మా జేజినాయనకు గొంతు నొప్పి."