హద్దు కర్రలు

నది దిగువనున్న ఫ్యాక్టరీ పొగకు బదులుగా, ఎగువన ఆలూరు మెట్ట చేలల్లో చెట్లు పెంచుతామంటూ కంపెనీ ఉద్యోగి చైతన్య వచ్చాడు. నాగలక్ష్మమ్మ ఒప్పుకోకముందే ఆమె చేను చుట్టూ హద్దు కర్రలు పాతించాడు.

"ముప్పై ఏళ్లు దున్నకూడదు, గొర్రెల్ని రానివ్వకూడదు. పరిహారం ఇస్తాం," అన్నాడు.

"పొగ ఆపుతారా?"

"ఆపరమ్మా. మీ చెట్లు పీల్చుకుంటాయి."

"వాళ్ల పొయ్యి మండాలని నా మడక మూల పెట్టమంటాండావు. ఆ పొగ పుట్టేకాడ నాటుకో పోప్పా చెట్లు."

ఎరువు కోసం రాత్రిళ్లు చేలో గొర్రెల మందను ఆపించుకోవడం ఆ ఊరి పద్ధతి. పొద్దు గుంకుతుండగా కాపరి పెద్దసుబ్బయ్య మందను తోలుకొచ్చి, కర్రలు చూసి గట్టు మీదే ఆగిపోయాడు.

నాగలక్ష్మమ్మ ఒక్కో కర్రా పీకి అతని చేతికిచ్చింది.

"మందకు దడి కట్టుకో సుబ్బయ్యా. గట్టి కర్రలే తెచ్చినారు."