ఇస్రాయేలు మానని డ్యూటీ

పొద్దున వాకిలి ఊడ్చి, కడప పక్కన చాట పెట్టుకుని దేవవ్వ బీడీలకు కూర్చునేది. చేతులు తునికాకు కత్తిరిస్తున్నా కళ్లు తోవ మీదే ఉండేవి. ముందు ఆమె పెనిమిటి ముత్యం సద్దిగిన్నె పట్టుకుని మిల్లుకు బయలుదేరేవాడు. కాసేపటికి చర్చి వైపు నుంచి ఆమె అన్న ఇస్రాయేలు వచ్చేవాడు. ఇస్రాయేలు చనిపోయి అప్పటికే రెండు చెరుకు కాలాలు గడిచాయి.

బోధన్‌కు అవతల ఒక సేఠ్ నడిపే చిన్న చక్కెర మిల్లు అది. అందులో ముత్యంలాగే ఇస్రాయేలు కూడా బట్టీకి చెరుకు పిప్పి వేసేవాడు. ఆవిరి గొట్టం పగిలి మీద పడడంతో పోయాడు. చర్చి వెనకాల మట్టిలో పెట్టారు, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, అందరూ ఏడ్చి ఇళ్లకు వెళ్లారు. మర్నాడు సైరన్ మోగగానే ఇస్రాయేలు లేచి డ్యూటీకి వచ్చాడు. ఒళ్లంతా బూడిద. జుట్టులోంచి ఆవిరి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మేస్త్రీ పోశన్న అతన్ని చూసి "ఆలిశమైంది, జల్ది పో" అన్నాడు.

జీతం అడగడు, అన్నం తినడు, సెలవు పెట్టడు. అలాంటి మనిషిని సేఠ్ మాత్రం ఎందుకు వద్దంటాడు? తోవలో ఎదురైనవాళ్లు "మంచిగున్నవా అన్నా" అంటే తలూపి పోయేవాడు. దేవవ్వ ఇంటి ముందు మాత్రం కొంచెం ఆగి, చెల్లెలి మొహం చూసి కదిలేవాడు.

డెబ్బై రెండులో వానలు పడలేదు. నిజాంసాగర్ కాలువలో నీళ్లు పారాల్సిన చోట మేకలు నడిచాయి. చెరుకు నిలువునా ఎండింది. మిల్లుకు బండ్లు రావడం తగ్గేసరికి సేఠ్ ఒక్క బట్టీయే నడపమన్నాడు. దానికి ఇస్రాయేలు ఒక్కడు చాలు, అలిసిపోయే మనిషి కాడు కదా. బతికున్న బట్టీవాళ్లందరినీ గేటు బయట నిలబెట్టి, రేపటినుంచి రావద్దని చెప్పేశారు.

ముత్యం ఇంటికి వచ్చి సద్దిగిన్నె బోర్లించాడు.

"బావ ఉన్నడంట గద. ఇగ మేమెందుకంట" అన్నాడు.

మొదట్లో గట్టిగానే ప్రార్థన చేశాడు. ఆదివారం అందరికంటే ముందే చర్చికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడేవాడు. నిజామాబాద్ పోయి బియ్యం మిల్లులన్నీ తిరిగితే, వడ్లే లేనప్పుడు హమాలీలతో ఏం పని అన్నారు. మోస్రా వైపు కూలికి వెళితే, భూమన్న అనే రైతు నెర్రెలిచ్చిన తన మడి చూపించి "ఏం కోస్తవ్ తమ్మీ, మన్ను కోస్తవా?" అన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదది. అతని కళ్లలోనూ నీళ్లున్నాయి.

ఇంట్లో జొన్న గట్క పలచనైంది. పిల్లలు ఆటలు మాని నీడపట్టున పడుకోసాగారు. దేవవ్వ వేళ్లు పగిలేదాకా బీడీలు చుట్టినా పొయ్యి ఒక పూటే వెలిగేది.

ముత్యం చర్చికి రాకపోయేసరికి అయ్యగారే ఇంటికి వచ్చారు.

"ప్రభువు నిన్ను మరిచిపోడు ముత్యం. ఓపిక పట్టు."

"పట్టిన అయ్యగారూ. ఏ దినం రొట్టె ఆ దినం అడుగుమన్నరు, అడిగిన. పోరగాండ్ల కోసం అడిగిన. ఆయనకు ఇనరాకుంటె ఇంకింత గట్టిగ అడుగుత. ఇని గూడ ఊకుంటె నేనేం జెయ్యాలె?"

అయ్యగారు దేవవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగి, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయారు.

ఆ తర్వాత ముత్యం ప్రార్థన మానేశాడు. మెల్లగా మాట కూడా మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకుంటే పొద్దంతా అలాగే ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే చాప ఖాళీగా ఉంది. దేవవ్వ కల్లు దుకాణం చూసింది, బస్టాండు చూసింది. చివరికి చర్చి వెనక కనబడ్డాడు. ఇస్రాయేలు సమాధి పక్కన ముళ్లకంప తీసేసి, నేల శుభ్రంగా ఊడ్చి, వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా ఈడ?"

"సరిపోతదా అని సూస్తున్న."

"లే, ఇంటికి పోదాం."

"సచ్చినోనికి పనున్నది దేవవ్వా. మీ అన్నను ఎవ్వలన్న వద్దంటున్నరా? నేను గూడ గట్లయితె రేపు సైరన్ కొట్టంగనే లేచి పోత. జీతం లేకున్నా మంచిదే. గిట్ల ఊకె పండుకునుడు నాతోని అయితలేదు."

పరాచికం కాదు. ఎన్నాళ్లకో అతని మొహంలో ఆశ కనబడింది. దేవవ్వ అతని రెక్క పట్టి లేపి ఇంటికి తీసుకొచ్చింది.

మర్నాడు సైరనుకు ముందే, ఇంట్లో ఉన్న ఒక్క బిందె నీళ్లూ తెచ్చుకుని ఆమె తోవలో నిలబడింది. మొదటి సైరన్ మోగిన కాసేపటికి ఇస్రాయేలు వచ్చాడు.

"అన్నా, ఇగ పనికి పోకు. పోరగాండ్ల బాపు సచ్చెటట్టున్నడు. నువ్వు ఇడిస్తెనే ఆయనకు పని."

ఇస్రాయేలు తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఎట్ల ఇడువాల్నో నాకెరుక లేదు చెల్లె. సైరన్ కొట్టంగనే కాళ్లే లేస్తయి."

"నిన్ను పండుకోమనే గద మట్టిల పెట్టింది?"

"ఇశ్రాంతి అన్నడు అయ్యగారు. ఇన్న. అది ఎట్ల తీసుకోవాల్నో ఎవ్వలు చెప్పలే. చిన్నప్పటిసంది పనే జేస్తి. ఊకె పండుకుంటె ఎవలన్న తిడ్తరని బుగులైతది."

దేవవ్వ అతన్ని బండ మీద కూర్చోబెట్టి పాదాలు ఒళ్లోకి తీసుకుంది. ప్రభువు తన వాళ్ల కాళ్లు కడిగాడని, ఆమె పరికిణీ కట్టే రోజుల్లో ఈ అన్నే చెప్పాడు. దోసిళ్లతో నీళ్లు పోసి రుద్దింది. బూడిద పొరలు పొరలుగా కరిగింది. దాని కింద కాలిన చర్మం ఇంకా ఎర్రగానే ఉంది.

అప్పుడే డ్యూటీ ఎక్కమనే రెండో సైరన్ మొదలైంది. ఇస్రాయేలు పాదాలు ఎగిరిపడ్డాయి. దేవవ్వ వాటిని రొమ్ముకు అదుముకుని మీదికి వంగింది.

"ఎవ్వలు తిట్టరన్నా. నేను చెప్తున్న గద. పండుకో పో."

సైరన్ ఆగింది. పాదాలు నెమ్మదించాయి. జుట్టులోంచి కారే నీళ్లు కూడా ఆగాయి.

"పనికే కాదు చెల్లె," అన్నాడు ఇస్రాయేలు, "రోజు ఓపారి నీ మొగం సూడొస్తదని గూడ వస్తుంటి."

"నాకెరుకే అన్నా."

ఆమె పాదాలు వదిలింది కానీ తల ఎత్తలేదు. ఎత్తేసరికి అతను చర్చి వైపు పోతున్నాడు. డ్యూటీ దిగిన మనిషిలా, తొందర లేకుండా నడుస్తున్నాడు.

ఎండ ఎక్కకముందే పోశన్న రొప్పుతూ వచ్చాడు. బట్టీ చల్లారిపోతోంది, కడాయిల్లో రసం పాడవుతోంది. "ఇస్రాయేలు రాలే. ముత్యం ఉన్నడా?" అని అరిచాడు. ముత్యం చాప మీంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా అతని వెంట పరుగెత్తాడు.

ఆదివారం అయ్యగారు చర్చిలో ముత్యం పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించారు. అందరూ ఆమెన్ అన్నారు. ముత్యం మొహం కప్పుకుని ఏడ్చాడు. దేవవ్వ పెదవులు మాత్రం కదలలేదు. ఇంట్లో అన్నం ఉడుకుతోంది, పిల్లలు మళ్లీ కొట్లాడుకుంటున్నారు. దేనికి స్తోత్రం చెప్పాలో ఆమెకు తెలుసు. నోరే రాలేదు.

ముత్యం ఇప్పుడు ఒక్కడే బట్టీ చూస్తున్నాడు. సేఠ్ ఇంకొకరిని పెట్టలేదు. ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా చెవుల వెనక బూడిద పోవడం లేదు. ఒక పొద్దున సద్దిగిన్నె అందిస్తూ దేవవ్వ దాన్ని వదలకుండా పట్టుకుంది.

"ఓ మాట చెప్త, ఇంటవా?"

"ఏందే, ఆలిశమైతున్నది."

"సచ్చినంక మాత్రం పనికి పోకు. సక్కగ ఇంటికి రా."

వచ్చేటప్పుడు ఉప్పు తెమ్మంటే ఎలా అంటాడో, అలాగే "సరే" అని ముత్యం మిల్లుకు వెళ్లిపోయాడు.