చేపలు తోమే బండ

బర్నబాస్‌కి బాపట్ల అంటే చిన్నచూపు, తెనాలి అంటే ఇంకా చిన్నచూపు, రేపల్లెనైతే ఊరిగానే లెక్కించేవాడు కాదు. కారణం ఒక్కటే. ఈ వైపున ఎంత తవ్వినా గునపానికి కొండరాయి తగలదు. అంతా నిన్నగాక మొన్న కృష్ణ మోసుకొచ్చి పోసిన ఒండ్రు, కాకపోతే ఇసుక. భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరరుకి బాపట్ల కాలేజీలో ఉద్యోగమేంటని రోజూ మండిపడేవాడు. "ఈ బురదలో పుట్టినవాళ్ల బుర్రల్లోనూ బురదే" అని స్టాఫ్ రూములో నిర్భయంగా అనేవాడు. తను పుట్టింది కూడా ఆ పక్కనే ఉన్న కాకుమానులోనని ఆ సమయానికి గుర్తుండేది కాదు పాపం.

డాక్టరేట్ కోసం తొమ్మిదేళ్లుగా ఒకటే పట్టు పట్టి కూర్చున్నాడు. భూమి పుట్టిన కొత్తలో ఒళ్లంతా కరిగిన రాయే. పైన కట్టిన నల్లటి పెచ్చు లోపలికి కుంగి మళ్లీ కరిగినప్పుడల్లా, అందులోంచి తేలికైన బూడిదరంగు గ్రానైటు పాలమీద మీగడలా పైకి తేలి గట్టిపడింది. ఖండాలకి మొదలు ఆ మీగడే. అంత పాత ముక్క ఒకటి ఆంధ్రదేశంలో ఉందని చూపిస్తే డాక్టరేట్ వస్తుంది, దాని వెనకే యూనివర్సిటీ ఉద్యోగం వస్తుంది, ఈ బురద పీడ వదులుతుంది. కానీ వినుకొండ అవతల ఎన్ని గుట్టలెక్కి తెచ్చినా, ప్రతి రాయీ వయసు చాలక వెనక్కొచ్చింది.

1986 ఎండాకాలంలో పెద్దమ్మ జ్ఞాపకార్థ కూటానికని భార్య ప్రేమకుమారితో రేపల్లె వెళ్లాడు. ప్రేమకుమారి చేపలు తెమ్మంటే, ముక్కు మూసుకుని చేపలమ్మే వీరరాఘవమ్మ దొడ్లోకి నడిచాడు. ఆవిడ ఒక బండ మీద బొమ్మిడాయిల్ని బూడిదేసి తోముతోంది. చెంబుడు నీళ్లు కుమ్మరించేసరికి బండ మీద బూడిదరంగు చారలూ తెల్ల చారలూ బయటపడ్డాయి. బర్నబాస్ చేపల మాట మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సుత్తీ ఉలీ పట్టుకుని దిగాడు. బండ ఒక పక్క నేలలో కూరుకుపోయి ఉంది. వీరరాఘవమ్మ మొగుడు సింగరయ్య, ఒకప్పుడు కాలవ మీద పడవలు నడిపిన మనిషి, అవతలివైపు గునపం వేసి దాన్ని పైకి లేపి పట్టుకున్నాడు. ఇవతల మట్టిలోంచి ఒక మూల బయటికొచ్చింది. బర్నబాస్ మట్టి తుడిచాడు. మూల పలచగా ఉంది, తేలిగ్గా విరుగుతుంది. దాని మీద ఎవరో ఉలితో గీకిన గీతలేవో ఉన్నాయి. పనిలేనివాళ్ల పని అనుకుని సుత్తి ఎత్తాడు.

"మేష్టారూ, ఆ మూల కొట్టకండి. మా నాయన దానిమీద..."

"రాళ్ల గురించి నువ్వు నాకు చెప్తావేంటి పెద్దాయనా? మీ నాయన దీనిమీద చేపలు తోముంటాడు. అంతేగా?"

సింగరయ్య గునపం బిగించి పట్టుకున్నాడు. రెండు దెబ్బలకి మూల విరిగింది.

రెండేళ్లకి హైదరాబాదు ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది. పంపిన ముక్క మొత్తం పొడి చేసి, అందులోంచి రాయి వయసు తేల్చే, కంటికానని జిర్కాన్ గింజల్ని ఏరి చూశారట. వయసు మూడు వందల ముప్ఫై కోట్ల ఏళ్లు. కింద ఇంకో మాట కూడా ఉంది: ఏ కొండలోదో వెంటనే రాయండి, వచ్చి చూస్తాం, చోటు తెలియని రాయి వయసు ఎందుకూ పనికిరాదు.

బర్నబాస్ ఆ చివరి మాటని పెద్దగా పట్టించుకోలేదు. ముసలాణ్ణి అడిగితే పోతుంది. స్టాఫ్ రూములో అందరికీ ఉత్తరం చదివి వినిపించి, వాళ్లకి అర్థం కాదని కూడా చెప్పి రైలెక్కాడు. తెనాలిలో బండి మారి రేపల్లె చేరేదాకా, యూనివర్సిటీలో తన గది తలుపు మీద పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాయించాలా అని ఆలోచించాడు.

"బాబాయ్, ఆ బండ ఏ కొండదో కాస్త చెప్పు" అన్నాడు. బాబాయ్ అని పిలవడం అదే మొదలు.

సింగరయ్య వల అల్లుతున్న చెయ్యి ఆపాడు. "మా నాయన కాలవెంట పడవలో రాళ్లు తెచ్చేవాడండి. పది కొండల రాళ్లు. ఆయనకి చదువు లేదు కదా, ఏది ఏ కొండదో మర్చిపోకుండా మూలన ఉలితో గుర్తు పెట్టేవాడు. కొండకో గుర్తు. అన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ గుర్తేంటో చెప్పండి, కొండ పేరు చెప్తాను."

బర్నబాస్ కంగారుగా బండ వైపు తిరిగాడు. "నువ్వు చూళ్లేదా?"

"నేను అవతల గునపం పట్టుకునున్నానండి. అంతకుముందు మట్టిలో ఉందాయె. తుడిచి చూసింది మీరొక్కరే. నిలువు గీతలా, అడ్డగీతలా? మధ్యలో చుక్కేమైనా ఉందాండి?"

బర్నబాస్ కళ్లు మూసుకున్నాడు. గీతలు ఉన్నాయన్నదే గుర్తుంది. ఎన్నో గుర్తులేదు. ఇన్నేళ్ల పని ఆ గీతల దగ్గర ఆగిపోయింది, అవేమో హైదరాబాదులో పొడైపోయాయి. ఏడుపొచ్చింది, కానీ వీళ్ల ముందు ఏడవడం నామోషీ అనిపించింది.

"పోనీ ఆ ముక్క పట్రండి, చదివిపెడతాను."

"ముక్క లేదు."

సింగరయ్య అతన్ని కిందనుంచి మీదిదాకా ఒకసారి చూసి, మళ్లీ వల అందుకున్నాడు. "చదువుకున్నోరు కదా, చదివే కొట్టారనుకున్నానండి" అన్నాడు.

వీరరాఘవమ్మ చేపల బుట్టతో వచ్చింది. "కాస్త జరగండి మేష్టారూ, తోముకోవాలి" అంది. బర్నబాస్ జరిగి నిలబడ్డాడు.