నువాగావ్‌లో సైరింధ్రి అపా చదివిన వార్తలు

మేమంతా అపా, అంటే అక్క, అని పిలిచే సైరింధ్రి పోయిన మర్నాడు పత్రికలన్నీ ఆమె టీవీలో చదివిన వార్తల గురించి రాశాయి. మా నువాగావ్ బడి గురించి ఒక వాక్యం వేశాయి. అది నాకు చాలలేదు.

నేను పాఠాలు చెప్పే ఆ బడి సముద్రానికి దగ్గర. కింద స్తంభాలు, పైన గదులు. తుఫాను వస్తే ఊరంతా అక్కడే తలదాచుకోవాలి. పెద్ద తుఫానులో ఊరు కొట్టుకుపోయాక అపా దాన్ని కట్టించారు. ఎవరు సన్మానానికి పిలిచినా, "శాలువా వద్దు బాబూ, సిమెంటు ఇవ్వండి" అనేవారు. కటక్ నగల కొట్టువాళ్లు ఒకసారి సిమెంటు లారీకి పూలదండ వేసి పంపారు. ఏటా కార్తీకమాసం నియమం ముగిసి చేప తినొచ్చు అనగానే అపా మా ఊరు వచ్చి, ఊరందరికీ పిన్ని అయిన జెమా మావుసి వండిన ఆవపిండి చేపలకూర తిని వెళ్లేవారు.

ఊరివాళ్లు ఆమెను ఎంత నమ్మారంటే, ఆమె చదివేదానికంటే ఆమె కట్టిన చీరనే ఎక్కువ చూసేవారు. పెద్ద తుఫాను హెచ్చరిక చదివిన రోజు ఆమె బూడిదరంగు చీరలో కనిపించారు. తర్వాత వచ్చిన తుఫానుల్లోనూ అదే చీర. దాంతో మాకు అదొక గుర్తు అయిపోయింది. అపా బూడిదరంగు కడితే పడవలు పైకి లాగాలి. వేరే రంగు కడితే ఉత్త గాలివాన, వచ్చి పోతుంది. ఈ సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆమె రిటైరయ్యాక మళ్లీ హెచ్చరిక వచ్చింది. టీవీలో కొత్తతను కోటు వేసుకుని చదివాడు. జీపు వచ్చి మైకులో చెప్పి వెళ్లింది. ఎవరూ కదల్లేదు. నేను ఇంటింటికీ తిరిగాను. నిధి బెహెరా గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"ఆ కోటుబాబు పోయినసారీ ఇలాగే బెదిరించాడు మాస్టారూ. చినుకు లేదు. ఆ కోటు తడిసిన రోజు చెప్పండి, లేస్తాను."

జెమా మావుసి మేకకు ఆకు వేస్తోంది. "దీన్ని బళ్లోకి రానిస్తావా? రానివ్వవు. మరి నన్నెందుకు పిలుస్తావు?"

ఈ ఇళ్లలో ప్రతిదాంట్లోనూ నా బడి పిల్లలున్నారు. అపాకు ఫోను చేశాను. మీరు కనిపిస్తే తప్ప లేవరని చెప్పాను. మర్నాడు పొద్దున్నే కారులో వచ్చారు. అప్పటికే సముద్రం నల్లబడింది. చేతికర్ర పట్టుకుని, మోకాలు మెల్లగా వంచి దిగారు. ఒంటిమీద చిలకపచ్చ చీర.

టీకొట్టు దగ్గర చేరిన జనం హాయిగా నవ్వారు.

"చూశారా, పచ్చచీర. ఏమీ రాదు," అన్నాడు నిధి, ఒళ్లో వలతో.

"పచ్చచీరకేమైందిరా?" అన్నారు అపా.

నిధి చెప్పాడు.

"ఒరే నిధీ, తుఫానంటే మమ్మల్ని ఇంటికి పోనిచ్చేవారు కాదు. ఆఫీసు బీరువాలో ఆ చీర ఒకటి ఉండేది. మాసినా కనపడదని పెట్టుకున్నాను. అంతే."

"నేనూ అదే అంటున్నాను అపా. ఇంటికి పోనివ్వలేదంటే అది నిజం తుఫాను. ఇప్పుడు మీరు ఇంటినుంచే వచ్చారు కదా."

అపా తలాడించి డ్రైవరును పిలిచారు. "నువ్వు వెళ్లిపో. గాలి తగ్గాక రా." కారు కనుమరుగయ్యేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడు నాకూ ఇంటికి దారి లేదు. జెమా మావుసీ, నీ చీర ఒకటి ఇయ్యి."

"నా చీరలా? వెలిసిపోయి ఏ రంగో నాకే తెలీదే అమ్మా."

"అదే కావాలి. నీ మేకను కూడా తెచ్చుకో. మాస్టారు మూడో తరగతిలో చేర్చుకుంటారు."

ఆ చీర ఆమెకు చీలమండల పైకే ఆగింది. ఎవరూ నవ్వలేదు. కర్ర నాకిచ్చి, బడి వరండాలో కుర్చీమీద నిటారుగా కూర్చున్నారు.

"నమస్కారం. వార్తలు చదువుతున్నది సైరింధ్రి కానుంగో. ఈ సాయంత్రం తుఫాను నువాగావ్ దగ్గర తీరం దాటుతుంది. కెరటాలు ఇళ్లమీదికి వస్తాయి. నిధి బెహెరా ఇంకా వల వదల్లేదని మా విలేకరి తెలియజేస్తున్నారు."

నిధి వల చుట్టాడు. చీర ఎవరిదో అందరికీ తెలుసు. తర్వాత అతనే నాతో అన్నాడు: "చీరకేం మాస్టారూ. కారు పోయాక నాకు భయమేసింది."

మధ్యాహ్నానికి ఊరు ఖాళీ అయింది. సాయంత్రం సముద్రం వచ్చి మా కింది స్తంభాల మధ్య నిలిచింది. పైన పిల్లలకు అటుకులూ బెల్లమూ పంచాం. అపా గోడకు ఆనుకుని కూర్చున్నారు. ప్రతి తుఫాను తర్వాతా పోయినవాళ్ల లెక్క చదివిన మనిషి.

"ఎవరైనా మిగిలిపోయారా?" అని అడిగారు.

"లేదు అపా. అందరూ ఉన్నారు."

"మళ్లీ చెప్పు."

"అందరూ ఉన్నారు."

అప్పుడు కళ్లు మూసుకుని, అటుకులు నములుతూ నిద్రపోయారు.