ఊదా పక్షికి రెండో చెయ్యి

పక్షులు చూడ్డానికి తెల్లారకముందే లేచి ఊరి చివరిదాకా వెళ్లడం మొదట నాకు గిట్టుబాటు కాని పనిగా తోచింది. ఆదివారం నిద్ర పోతుంది, చెప్పులకు బురద అంటుతుంది, చేతికి ఏమీ రాదు. పిట్ట కనబడినా ఇంటికి తెచ్చుకోలేం. కనబడకపోతే ఎవరినీ నిలదీయలేం. అలాంటి సరుకు కోసం జనం వరుస కడతారంటే నేను నమ్మేవాణ్ణి కాను.

అయినా మా మనవరాలు నన్నడక్కుండానే మా పేర్లు ఇచ్చేసింది. కొత్తవాళ్లకూ, పిల్లాజెల్లాతో వచ్చే కుటుంబాలకూ ప్రత్యేకంగా పక్షుల నడక అని వాళ్ల బడి గోడమీద కాగితం అంటించారట.

"పెద్దవాళ్లు తోడు రావాలంట తాతయ్యా. అమ్మా నాన్నా ఎలాగూ లేవరు. నువ్వూ నానమ్మా కోడికంటే ముందే లేస్తారుగా."

"కోడికంటే ముందు లేచేవాడికి మళ్లీ పిట్టలెందుకే?" అన్నాను.

"నాకు కావాలి," అంది మా ఆవిడ లోపలి గదిలోంచి. దాంతో బేరం తెగిపోయింది.

ఎందుకు కావాలందో నాకు తెలుసు. మాది బట్టల కొట్టు. చొక్కా గుడ్డలు, తెర గుడ్డలు, లైనింగులు తానులు తెచ్చి కోసి అమ్ముతాం. నోరు నాది, కళ్లు ఆమెవి. మిల్లు నుంచి నమూనా ముక్కల కట్ట రాగానే ఆమె వీధి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. ఒక్కో ముక్కనూ వెలుగులోకి ఎత్తి, "ఇది ఉతికితే వెలుస్తుంది," "ఇది మడతలో బాగుంటుంది గాని ఒంటిమీద ఏడుస్తుంది" అని తేల్చేసేది. ఆమె వద్దన్న రంగు నేను మొండికేసి తెచ్చిన ప్రతిసారీ ఆ తాను అలమరలోనే ముసలిదైపోయింది.

ఈమధ్య ఆ కళ్లకే జబ్బు చేసింది. చూపు నడిమధ్యన ఒక మసక వచ్చి కూర్చుంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి చెవులుంటాయి, భుజాలుంటాయి, ముఖం ఉండదు. సూటిగా చూస్తే వస్తువు కరిగిపోతుంది, చూపు పక్కకు తిప్పితే ఓరగా వచ్చి నిలబడుతుంది. కళ్ల డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇలాంటి కళ్లు ఒక్కోసారి లేనివి కూడా చూపిస్తాయట. పువ్వులు, మనుషులు, గోడమీద అల్లికలు. మతి చెడినట్టు కాదు, భయపడకండి అన్నాడు.

మసకకు ఆమె భయపడలేదు. ఆ రెండో మాటే ఆమెను పట్టుకుంది.

"తక్కువ చూపించే కంటితో ఎలాగో నెట్టుకురావచ్చండీ. లేనిది చూపించే కంటితో రంగులు ఎలా ఎంచను? అలాంటిది ఒక్కటి కనబడిందని తేలనివ్వండి, ఆ కుర్చీ కోడలికి అప్పజెప్పేస్తా," అంది.

కోడలు బంగారం లాంటి పిల్ల. కానీ ఆమెకు అన్ని నీలాలూ నీలమే.

*

మడుగు దగ్గరికి వెళ్లేసరికి ప్రపంచం ఇంకా విప్పని తానులా ఉంది. నీళ్లెక్కడ ఆగాయో, మంచెక్కడ మొదలైందో తెలియదు. గేటు దగ్గర గుంపుగా నిలబడ్డ మనుషులు నడుముల దాకానే ఉన్నారు. కింద కాళ్లు ఎవరో దాచేసినట్టున్నాయి. మమ్మల్ని నడిపించే ఆవిడ బడిలో భూగోళం చెప్పే టీచరు. ప్రతి మాటకూ వేలు పెదాలమీద పెట్టుకునేది కాబట్టి మా మనవరాలు ఆమెకు "ఉష్ టీచర్" అని పేరు పెట్టింది. మా వెనకాల బేకరీ ఆయన, ఆయన భార్య, చంకలో నిద్రపోతున్న పాప.

"మీరూ వచ్చారా సార్? కొట్టు పొద్దున్నే తెరుస్తున్నారా ఏంటి?" అన్నాడు బేకరీ ఆయన.

"ఉష్," అంది టీచరు.

"పిట్టలకి చొక్కాలు కొలుస్తాడు," అంది మా ఆవిడ మెల్లగా. ఉష్ టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఈ వ్యవహారంలో నాకు నచ్చింది ఒక్కటే, వాళ్ల పద్ధతి. నడక అయ్యాక అందరూ రేకుల పందిరి కింద గుండ్రంగా కూర్చోవాలి. టీచరు ఒక్కో పక్షి పేరూ పిలుస్తుంది. చూసినవాళ్లు చెయ్యెత్తాలి. రెండు చేతులు లేస్తే ఆ పక్షి ఆ రోజు మా అందరిదీ. ఒక్క చెయ్యే లేస్తే, ఎంత మంచి పక్షైనా, ఎంత పెద్దమనిషి చూసినా, గాల్లోకి వదిలేయడమే. "ఒక్కళ్లు చూసింది కల కూడా కావచ్చు," అంటుంది టీచరు నవ్వుతూ. నేనైతే చప్పట్లు కొట్టేవాణ్ణే. చూడని సరుకుకు పూచీ పడకూడదన్నది నా పుట్టుబుద్ధి.

దారి గుంటలమయం. అందుకని మా ఆవిడ గుంపుతో ముందుకు పోకుండా వెనకాల రాతి బల్ల మీద కూర్చుండిపోయింది. మనవరాలు టీచరు చెయ్యి పట్టుకుని వెళ్లింది, నేను తోడుగా ఆగాను. బల్ల మడుగు వైపు కాక పక్కనున్న రెల్లుపొద వైపు తిరిగి ఉంది. గుంపు మాటలు మంచులో పడి మెత్తబడిపోయాయి. ఎక్కడో ఏదో నీళ్లలోకి జారిన చప్పుడు. రెల్లు ఊగుతోందో, నేను ఊగుతున్నానో. దూరంనుంచి మనవరాలి నవ్వు వచ్చి నా ఒళ్లో కూర్చున్నట్టనిపించింది. ఆ తర్వాత నాకు తెలియదు.

పందిరి కింద టీచరు తనకు తెలిసిన పేర్లన్నీ పిలిచి, "ఇంకెవరైనా, ఇంకేదైనా?" అంది. మా ఆవిడ చెయ్యెత్తింది.

"కోడంత ఉంటుందమ్మా. రెల్లులో నడుస్తోంది. నీలం, కానీ ఉత్త నీలం కాదు. పడుగు నీలం, పేక ఊదా పెట్టి నేసినట్టు కదిలితే రంగు మారుతోంది. ముక్కు ఎరుపు, ముక్కు మీద నుదురు కూడా ఎరుపే. కాళ్లు పొడుగు."

టీచరు కళ్లు పెద్దవయ్యాయి. "ఊదా నీటికోడి! రెల్లు నరికేసిన తర్వాత ఇక్కడ ఎవ్వరికీ కనబడలేదండీ, చాలా ఏళ్లయింది. రెండో చెయ్యి ఎవరిది?"

అందరూ నావైపు తిరిగారు. పక్కన కూర్చున్నది నేనే కదా. మా ఆవిడ కూడా తిరిగింది, ముఖం కాస్త పక్కకు పెట్టి, నన్ను ఓరచూపులో పట్టుకోవడానికి. ఆ ముఖంలో ఏముందో నాకు బాగా తెలుసు. ఆ కుర్చీ ఉంది, కిటికీ ఉంది.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తానని కూడా అనను, అదే లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. బేకరీ ఆయన పాప లేచి ఏడ్చింది.

*

తిరుగు బస్సులో మా ఆవిడ మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుంది. పిల్ల నిద్రపోయాక అంది.

"మీరు గురక పెట్టారు."

"ఎప్పుడు?"

"అది నడుస్తున్నంతసేపూ. మీ గురకకి ఎక్కడ ఎగిరిపోతుందోనని నా ప్రాణం పోయింది."

"అయితే ఏంటోయ్? నువ్వు చూశావు కదా. నీ మాట నాకు చాలదా?"

"నా మాట నాకే చాలక కదా అడిగింది!" నావైపు తిరిగింది. "ఆ పక్షి నిజంగా ఉందా, నా కన్నే నేసిందా అని తెలుసుకుందామని అందరి ముందూ పెట్టాను. మీరు చూడకుండానే ముద్ర వేసేశారు. ఇప్పుడు అసలుదో నకిలీదో నాకెలా తెలుస్తుంది? పరాయివాడు సరుకు తెస్తే అంచు లాగి చూస్తారు, పోగు తీసి చూస్తారు. పెళ్లానికి మాత్రం మొహమాటానికి అచ్చేసి పంపిస్తారు!"

నేను కిటికీలోంచి చూశాను. ఎంత లాభసాటి అనుకున్న బేరమైనా ఇంటికొచ్చాక విప్పి చూస్తేనే ఎంత నష్టమో తెలుస్తుంది.

ఆ వారంలోనే మిల్లు నుంచి కొత్త కట్ట వచ్చింది. ఆమె కుర్చీ జోలికి పోలేదు. లోపల ముక్కాలిపీట మీద కూర్చుని, ఎవరూ అడక్కుండా మడతలు పెట్టింది. కోడలు వచ్చి, "అత్తయ్యా, పోనీ నేను చూడనా?" అంది. "చూడమ్మా," అంది మా ఆవిడ, వినబడీ వినబడనట్టు. కోడలు నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. కట్ట తాడు విప్పకుండా అలాగే ఉండిపోయింది. నేనొకసారి తాడు వదులుచేసి రెండు ముక్కలు ఎత్తి చూశాను గాని, అవి నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించి మళ్లీ కట్టేశాను.

శనివారం సాయంత్రం తనే అంది. "రేపు వెళ్దాం. ముందు మీ చెయ్యి వెనక్కి తీసుకోండి."

"అందరి ముందా?"

"ఎత్తింది అందరి ముందేగా."

*

గేటు దగ్గర అందరూ వింటుండగా ఉష్ టీచరుతో చెప్పాను. కిందటి వారం నేను నిద్రపోయాను, ఆ చెయ్యి లెక్కలోకి తీసుకోవద్దు అని. ఆమె సరేనని తల ఊపింది. బేకరీ ఆయన మాత్రం, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని మీ కొట్లో బోర్డు ఉంది కదా సార్?" అన్నాడు. నాకు రావలసిందే అది.

రాతి బల్ల మీద మళ్లీ మేమిద్దరమే కూర్చున్నాం. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

"అదేంటి?"

"నేను చూస్తే మీరు నా చూపు వెంట పోతారు. ఇవాళ మీరే చూడాలి. మన కొట్లో ఎవరైనా గొడుగు మర్చిపోతే ఏం చేస్తాం? వచ్చి అడిగినవాడికి గొడుగు రంగు మనం చెప్పం, వాణ్ణే చెప్పమంటాం. నేనూ ఆ పక్షి సంగతొకటి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. అది మీ నోట రావాలి."

నేను టీచరిచ్చిన బైనాక్యులర్సు ఎత్తి రెల్లునంతా వెతికాను. రెల్లు, రెల్లు, దాని వెనక మళ్లీ రెల్లు.

"అది దించండి," అంది కళ్లు తెరవకుండానే. చప్పుడు విన్నట్టుంది. "సూటిగా చూడకండి. మంచి తాను కోసం వచ్చిన బేరగాడు దాన్ని చూడనట్టు పక్క తాను తిప్పుతుంటాడే, అలా. కొనే ఉద్దేశమే లేనట్టు."

ఆ విద్య నాకు కొత్తది కాదు, ఎదుటివాళ్లు చేస్తుంటే పట్టుకోవడమే నా బతుకు. విరిగిన రెల్లుగడ ఒకదాన్ని ఎంచుకుని, దాంతోనే నాకు పనున్నట్టు చూస్తూ కూర్చున్నాను. మంచు నెమ్మదిగా మడతలు విప్పుతోంది. నీళ్ల మీద వెలుగు పలచగా పరుచుకుంది. ఎంతసేపయిందో. ఎండిన ఆకు బరువుండదు, నీడ బరువుండదు, నాకూ బరువు లేనట్టయింది. అప్పుడు చూపు అంచులో రంగు ఒకటి కదిలింది.

నేను తల తిప్పలేదు.

"వచ్చింది," అన్నాను ఊపిరితో.

"చెప్పండి."

"నీలం. అంటే, నువ్వన్నట్టే, ఊదా."

"అది చెప్పాను."

"ముక్కు ఎరుపు. కాళ్లు, అమ్మో, ఎంత పొడుగో."

"అవీ చెప్పాను. ఇంకా?"

"ఇంకేముందే? ఆగింది. రెల్లు పీకుతోంది. గడను ఒక కాలితో పట్టుకుని తింటోంది, పిల్లలు చెరుకు పట్టుకున్నట్టు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది నేను చూడలేదు. ఇంకా?"

పక్షి గడ వదిలేసి మెల్లగా నడిచింది. ఒక అడుగు. ఇంకో అడుగు. నాకు నవ్వొచ్చింది.

"అడుగేసినప్పుడల్లా తోక పైకి ఎగరేస్తోందోయ్. కింద తెల్లగా ఉంది. గాలికి కోటు వెనక చెంగు లేచి లైనింగు కనబడినట్టు. కనబడుతుంది, పోతుంది. కనబడుతుంది, పోతుంది."

నా మణికట్టు మీద ఆమె వేళ్లు వచ్చి పడ్డాయి. చూస్తే కళ్లు తెరిచే ఉంది, రెల్లు వైపు కాకుండా మడుగు వైపు తిరిగి, ఓరగా. ఇద్దరం పక్షిని చూడకుండా పక్షిని చూస్తూ కూర్చున్నాం. అది తన తెల్ల లైనింగు చూపించుకుంటూ పొదలోకి పోయింది.

"ఏ తెలుపండీ?" అంది కాసేపయ్యాక.

"తెలుపు తెలుపే కదా."

"మీతో ఎలా వేగానో ఇన్నాళ్లు," అంది. చెంపలు తడిగా ఉన్నాయి.

పందిరి కింద ముందు ఆమె చెయ్యి లేచింది, తర్వాత నాది. టీచరు నా ముఖంలోకి చూసింది. "ఇవాళ మెలకువగానే ఉన్నాడమ్మా," అంది మా ఆవిడ.

"నేనూ చూస్తా! నాకెందుకు చెప్పలేదు తాతయ్యా?" అని మనవరాలు రెల్లు వైపు పరిగెత్తబోతే టీచరు "ఉష్" అని పట్టుకుంది.

మర్నాడు కట్ట తాడు తెగింది. మా ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వీధిలో పోయే ఎవరినో చూస్తున్నట్టు ముఖం తిప్పి, చేతిలోని ముక్కను చూపు అంచుకు తెచ్చుకుంది. "ఇది వెలుస్తుంది," అంది. పక్కన పడేశాను. కోడలు ఆ ముక్క తీసుకుని వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్యలో మా ఆవిడ ఆగిపోయింది.

"ఏమండీ, ఎదురింటి గోడమీద తీగ పాకిందా? ఎర్రపూలు?"

చూశాను. సున్నం గోడ. దానిమీద ఎండ తప్ప ఏమీ లేదు.

ఉంది అన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాను. ఆమె ముఖం పక్కకు పెట్టి, ఓరచూపులో నన్ను పట్టుకుని చూస్తోంది.

"లేదు," అన్నాను.

కోడలు చేతిలోని ముక్క అలాగే పట్టుకుని నిలబడింది. మా ఆవిడ ఆ గోడ వైపు ఇంకాసేపు చూసింది. పూలు బాగున్నట్టున్నాయి.

"అయితే ఒక్క చెయ్యే," అంది. "వదిలేద్దాం. ఆ ఆకుపచ్చ ముక్క ఇటివ్వండి."