మైకు మాట, నోటి మాట

2013 జూన్ పదిహేను, శనివారం. ఆ పొద్దున జోగయ్య చోడిపిండి అంబలి తాగాడు. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ల చేపలు. గిన్నె అడుగున మిగిలినదాన్ని చూపుడువేలితో చుట్టూ తీసి నాకి, గిన్నె కడిగి బోర్లించి, గొంతు సరిచూసుకున్నాడు. సరిచూసుకోవడమంటే గుమ్మంలో నిలబడి ఒకసారి "విచ్చేయండి" అనడం. ఎదురింటి మేక నెమరు ఆపి తలెత్తిందంటే గొంతు బాగున్నట్టే. ఆ రోజు మేక తలెత్తింది.

అతను పొట్టి మనిషి. ఛాతీ లోపలికి పోయి, భుజాలు ముందుకు వంగి, చొక్కా ఎప్పుడూ మరొకరిది వేసుకున్నట్టు వేలాడుతుంటుంది. ఆ శరీరంలోంచి ఆ గొంతు ఎలా వస్తుందో ఎవరికీ అర్థం కాదు. గొంతు మాత్రమే తెలిసినవాళ్లు మనిషిని చూసి కొంచెం మోసపోయినట్టు ముఖం పెడతారు. జోగయ్యకు అది అలవాటే.

నీలవేణి టాకీసు వాళ్ల ప్రచారం ఆటోలో వెనక సీటులో కూర్చుని మైకులో సినిమా గురించి చెప్పడం అతని పని. రిక్షా ఉన్న రోజుల్లో మొదలుపెట్టాడు. నౌపడ చుట్టుపక్కల ఉప్పు పండించే కొఠార్లు, రైలు గేటు అవతలి పల్లెలు, సముద్రం ఒడ్డున జాలరి పేటలు అతని దారి. మైకులో అతను పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. ప్రతి సినిమా అఖండ విజయమే, ప్రతి పాటా అమృతమే. వినేవాళ్లు అవి మైకు మాటలని తెలిసి వింటారు. తర్వాత ఆటోను ఆపుతారు. జోగయ్య మైకు మీట నొక్కి ఆపేసి, సొంత గొంతుతో, ఇంట్లో మాట్లాడుకునే మాటలో, ఒక్క ముక్క చెబుతాడు. దాన్ని నోటి మాట అంటారు. జనం సినిమాకు వెళ్లేదీ మానేదీ ఆ ముక్క మీదే.

ఆ ముక్క మొదట్లో అతనిది కాదు. సినిమాలు చూసేది అతని భార్య లక్ష్మణమ్మ. నేల టిక్కెట్టులో ఆడవాళ్ల మధ్య కూర్చుని చూసి వచ్చి, అన్నం వడ్డిస్తూ ఒక మాట అనేది. అతను దాన్ని పట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. ఆమె చనిపోయిన వారం ఉప్పు కొఠార్ల దగ్గర ఎవరూ ఆటో ఆపలేదు, ఏమీ అడగలేదు. అది వాళ్లు ఆమెకిచ్చిన మర్యాద. పై వారం అక్కడ పనిచేసే దేముడమ్మ రోడ్డు మీదికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టి, "ఇంక నువ్వే సూసి సెప్పు బావా" అంది. అప్పటినుంచి అతనే చూస్తున్నాడు.

కిందటి రాత్రి కొత్త సినిమా చూశాడు. పోస్టరులో పట్టుచీర కట్టుకున్న నాయిక, ఉయ్యాల, తాత, అతని ఒళ్లో ఇద్దరు పిల్లలు. హాల్లో అర్ధగంట గడిచేసరికి ఆ ఇద్దరిలో చిన్నదాని పీక కోశారు. అన్న చూస్తుండగా, నింపాదిగా, దగ్గరగా చూపించారు. ముందు వరుసలో ఎవరో తండ్రి లేచి కూతుర్ని భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆ పాప కేకలేమీ పెట్టలేదు. తండ్రి చొక్కా కాలరు నోట్లో కుక్కుకుని బిగుసుకుపోయి ఉంది. తలుపు దగ్గర కూర్చున్న జోగయ్య వాళ్లకు దారి ఇచ్చాడు.

శనివారం ఉదయం హాలు ముందు మురళీమోహన్ చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు. పాత యజమాని కొడుకు. విజయనగరంలో చదువుకుని వచ్చి, తండ్రి మంచాన పడ్డాక హాలు తానే చూసుకుంటున్నాడు.

"జోగయ్యా, ఇందులో ఉన్నది చదివితే చాలు."

జోగయ్య కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "చిన్నారులతో కలిసి ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం..." ఆగాడు. "బాబూ, ఈ చిన్నారులన్నది తీసీదామా?"

"ఎందుకు?"

"రాత్రి సూసినాను. అందల గుంట పీక కోసీనారు."

"సినిమాలో కదా! నిజంగా కోశారా ఏంటి?"

"సూసిన గుంటలకి ఆ తేడా తెల్దు బాబు."

డ్రైవరు నాగబాబు ఆటో అద్దం తుడుస్తున్నవాడల్లా ఆగాడు. ముప్పై దాటిన మనిషి, నవ్వు ఆపుకోవడం చేతకానివాడు.

మురళీమోహన్ గొంతు తగ్గించాడు. "నెల కిందట ఆ దెయ్యం సినిమాకి ఊరూరా నువ్వేం చెప్పావో నాకు తెలుసు."

"ఏటి సెప్పినాను? దెయ్యం పాపం మంచిదే, దాని అత్తోరే మంచోలు కారన్నాను."

నాగబాబు గుడ్డలో ముఖం దాచుకున్నాడు.

"నవ్వకు నాగబాబూ. చూడు జోగయ్యా, మైకు ఆపి నువ్వు చెప్పేదే జనం వింటున్నారు. ఇవాళ్టి నుంచి మైకు ఆపినా, ఆపకపోయినా ఒకటే మాట ఉండాలి. లేదంటే చెప్పు. రికార్డు చేసిన గొంతు మెమరీ కార్డులో తెప్పించాను. అది పెట్టుకుని నాగబాబు ఒక్కడే తిరుగుతాడు."

జోగయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు. మైకు లేకపోతే రోజులు ఎలా ఉంటాయో అతనికి తెలియదు. ఊహించుకుందామంటే ఎదురింటి మేక తప్ప ఏమీ కనపడలేదు.

ఉప్పు కొఠార్ల దగ్గరికి వచ్చేసరికి తూర్పున మబ్బు నల్లగా దిగింది. వాన పడేలోగా ఉప్పు రాసుల మీద తాటాకులు కప్పడానికి ఆడవాళ్లు పరుగులు పెడుతున్నారు. జోగయ్య కాగితంలో ఉన్నది చదివాడు. చిన్నారులన్న మాట దగ్గర దగ్గాడు. చదవడం అయ్యాక మైకును అరచేత్తో మూసి పట్టుకున్నాడు. పని చేసుకునేవాళ్లు చేసుకుంటూనే ఉన్నారు. దేముడమ్మ, అసిరమ్మ మాత్రం తడిచేతులు చీరకు తుడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చారు. వాళ్ల పాదాలు చీలమండల దాకా ఉప్పుతో తెల్లగా పగిలి ఉన్నాయి.

"ఓలప్పో, బావ అప్పుడే దగ్గుతన్నాడు. ముసిలోడైపోనాడే!" అంది దేముడమ్మ.

"నువ్వు పుట్టక ముందునుంచి దగ్గుతన్నాను, వొగ్గీ."

అసిరమ్మ ఆటో రేకు మీద చెయ్యి ఆనించింది. "పోయినవారం ప్రేమ సినిమాకి ఎల్లినాను బావా. ఆలిద్దరూ వానలో తడిసినంతసేపే బాగుంటాదన్నావు. నిజమే. ఆరినాక నాకు నిద్దరొచ్చీసింది."

"దేవుడి సినిమాకి మా అత్త ఎల్లొచ్చింది," అంది దేముడమ్మ. "దేవుడికి దండం పెట్టుకోవచ్చు, మాటాడకపోతే ఇంకా బాగుంటాదని సెప్పినావంట కదా? నిన్ను తిట్టిపోసింది."

"తిట్టనీ. మాటలు రాసినోడు దేవుడి సేత మరీ అంత మాటాడించకూడదు."

"మరి ఆ ఇంగిలీసు బల్లి సినిమా?"

"బల్లొక్కతే బాగా సేసింది. మనుసులు దాన్ని సూసి నేర్చుకోవాల."

"బాంబుల సినిమా?" అన్నాడు ముందు సీటులోంచి నాగబాబు.

"సెవుల్లో దూది పెట్టుకుంటే బాగుంటాది. కళ్లల్లో కూడా పెట్టుకుంటే ఇంకా బాగుంటాది."

వాళ్లు నవ్వారు. అప్పుడు దేముడమ్మ కొంచెం ముందుకు వంగింది. "సరే గాని, ఇదేటి? పోస్టర్ల ఉయ్యాలా, తాతా... మా మనవరాలు రెండ్రోజులనుంచి పీక్కు తింటన్నాది. సాయంత్రం గుంటలందర్నీ ఏసుకుని ఎల్దామనుకున్నాం. ఎలాగుంది?"

జోగయ్య మైకు మీట కిందికి నొక్కాడు. ఎప్పుడూ చేసినట్టే మైకును మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"గుంటల్ని తేకండే! అందల సిన్న పిల్ల పీక కోసీసి, దగ్గరెట్టి సూపించినారు!"

ఆ మాట ఆటో మీది హారన్లోంచి ఉరుములా వెళ్లింది. ఉప్పు గాలి మీట లోపలి రేకును ఎప్పుడు తినేసిందో ఏమో, మీట కిందికి వాలింది గాని మైకు ఆగలేదు. కొఠార్ల చివర తాటాకులు మోస్తున్నవాళ్లు నిటారుగా నిలబడ్డారు. రైలు గేటు దగ్గర సైకిళ్ల మీదివాళ్లు కాళ్లు కింద పెట్టి ఇటు తిరిగారు. జోగయ్య మీటను పైకీ కిందికీ ఆడించాడు. ఆ టకటకలు కూడా ఊరంతా వినిపించాయి. నాగబాబు వెనక్కి ఎగబాకి బ్యాటరీ తీగ లాగేశాడు.

కొఠార్ల చివరినుంచి ఎవరో చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచారు. "ఏటన్నావూ? మళ్లీ సెప్పూ!"

దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బావా, నీ కొంప మునిగిపోనాది."

మునగడానికి ఎక్కువసేపు పట్టలేదు. స్టేషను దగ్గర టీకొట్టు అతను మురళీమోహన్‌కు ఫోను చేశాడు. మురళీమోహన్ నాగబాబుకు చేశాడు. నాగబాబు ఫోనును వేడి పెనంలా అందించాడు.

"జోగయ్యా, ఏం చేశావు నువ్వు?"

"మీట పని సెయ్యనేదు బాబు."

"సరే, పొరపాటు. ఇప్పుడు వెనక్కి పద. ప్రతి ఊళ్లోనూ చెప్పు, ఇందాక అన్నది వేరే సినిమా గురించి, ఇది పిల్లలతో చూడాల్సిన సినిమా అని. నువ్వు చెబితేనే నమ్ముతారు. చెప్తున్నావా లేదా?"

జోగయ్య ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు. ఇన్నేళ్లుగా అతను మైకులో ఎన్ని గొప్పలు చెప్పినా అవి ఎవరినీ ముంచలేదు. పక్కన నోటి మాట ఉండేది. ఇప్పుడు ఆ నోటి మాటనే ఇచ్చెయ్యమంటున్నారు. లక్ష్మణమ్మ అన్నం వడ్డిస్తూ అన్న మాటల్లో ఒక్కటి కూడా ఇలాంటి దానికోసం అన్నది కాదు.

"నేను సెప్తే నమ్ముతారు గదా బాబు," అన్నాడు. "అందుకే సెప్పను."

ఫోను నాగబాబుకిచ్చేశాడు.

"ఇప్పుడేటి మావా?"

"వైరు తగిలించు."

"మావా, నిన్ను తీసేస్తారు. నన్నూ తీసేస్తారు."

"నువ్వు బండి తోలినావు. నోరు నాది. తగిలించరా."

నాగబాబు తగిలించాడు. జోగయ్య కాగితం బయటికి తీయలేదు. గొంతు సవరించుకుని, మైకులో మొదటిసారి ఇంటి మాటలో మాట్లాడాడు.

"ఇనండి. నాను జోగయ్యని. నీలవేణి టాకీసుల కొత్త సినిమా ఆడతన్నాది. పాటలు బాగున్నాయి. తాత ఏషం కట్టినాయన బాగా సేసినాడు. మద్దిలో సిన్న పిల్లని సంపుతారు, అది గుంటలు సూడకూడదు. పెద్దోలు రండి. గుంటల్ని ఇంటికాడ వొగ్గీసి రండి. హాల్ల ఫేన్లన్నీ తిరుగుతన్నాయి, నేనే సూసినాను. ఇయ్యాల మైకు మాటా ఇదే, నోటి మాటా ఇదే."

గాలికి తాటాకులు ఎగురుతున్నాయి. వాటిని పట్టుకోవడం మరిచిపోయి అసిరమ్మ అతన్నే చూస్తోంది. "మైకుల మన మాట ఎంత బాగున్నాదే!" అంది దేముడమ్మతో.

జోగయ్య రైలు గేటు అవతల అదే చెప్పాడు. జాలరి పేటలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల దగ్గర అదే చెప్పాడు. వినబడని ముసలాయన కోసం ఆటో ఆపించి మళ్లీ చెప్పాడు. ప్రతిసారీ గొంతు ఇంకొంచెం తెరుచుకుంది. నాగబాబు ఫోను మోగుతూనే ఉంది. కాసేపటికి నాగబాబే దాన్ని సీటు కింద పెట్టేసి, "దేవుడి సినిమా గురించి కూడా సెప్పీ మావా, ఎలాగూ పని పోయిందే" అన్నాడు. జోగయ్య దాన్నీ చెప్పాడు.

సాయంత్రం వానలోనే హాలుకు తిరిగి వచ్చారు. మొదటి ఆటకు జనం నిలబడి ఉన్నారు. నిండుగా లేదు, వెలితిగానూ లేదు. ఆడవాళ్ల వరుసలో దేముడమ్మ, అసిరమ్మ, కొఠార్లలో పనిచేసే మరికొందరు తలల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకుని ఉన్నారు. చంకన పిల్లలు లేరు, పక్కన పిల్లలు లేరు. చేతులు ఖాళీగా ఉండడం వాళ్లకే కొత్తగా ఉన్నట్టుంది. ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుకుంటున్నారు.

మురళీమోహన్ ఆ వరుసను చూశాడు, జోగయ్యను చూశాడు. పొద్దున్నుంచి దాచుకున్న కోపం ఎలా వాడాలో తెలియక రెండు మెట్లు దిగాడు.

"నాన్నగారి రోజుల నుంచి ఉన్నావు జోగయ్యా. ఈ ఒక్కసారికి వదిలేస్తాను. సోమవారం నుంచి కాగితంలో ఉన్నది తప్ప ఒక్క ముక్క మాట్లాడకు. ఎవరు అడిగినా సరే."

జోగయ్య మైకు తీగను జాగ్రత్తగా చుట్టి సీటు మీద పెట్టాడు.

"దానికి కార్డుంది కద బాబు. దానికి నోరున్నాది, కళ్లు నేవు. కాగితం సదవడానికి అదే బాగుంటాది."

"అంటే?"

"నాను రాను."

వాన చూరునుంచి ఇద్దరి మధ్యా కారుతోంది.

"మరి ఏం చేస్తావు?" మురళీమోహన్ గొంతులో కోపం తగ్గి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ఉంది.

"సినిమాలు సూస్తాను. టిక్కెట్టు కొనుక్కుని."

"చూసి?"

"అడిగినోలకి సెప్తాను."

లోపల గంట మోగింది. వరుస కదిలింది. దేముడమ్మ తలుపు దాటబోతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. జోగయ్య ఆమెకు తల ఊపాడు. మురళీమోహన్‌కు నమస్కారం పెట్టి, చొక్కా మెడ బొత్తాం పెట్టుకుని, వానలోకి దిగాడు.

"దింపుతాను మావా, ఎక్కు!" అని నాగబాబు అరిచాడు.

"వొద్దురా. దారిలో ఎవరైనా అడిగితే ఆగాల."

అతను వంతెన మలుపు తిరిగేదాకా నాగబాబు చూశాడు. ఆ వానలో ఎవరో గొడుగు కింద నిలబడి అతన్ని ఆపడం, అతను ముఖం మీది నీళ్లు తుడుచుకుని ఏదో చెప్పడం కనిపించింది. తర్వాత ఇద్దరూ కనపడలేదు.

నాగబాబు ఆటోను హాలు పక్క షెడ్డులోకి తోశాడు. బ్యాటరీ విప్పుతుంటే వెనక సీటు మూలలో చేతికి ఒక పొట్లం తగిలింది. సినిమా పోస్టరు ముక్కలో చుట్టిన పటికబెల్లం, నాలుగు మిరియాలు. గొంతు కోసం తెచ్చుకున్నవి. దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. వాన చూశాడు. మళ్లీ లోపలికి వెళ్లి, ఎక్కడ ఉన్నదో అక్కడే పెట్టి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూశాడు. లోపల సీటు మూలలో పొట్లం మూతి కొంచెం తెరుచుకునే ఉంది. చీమలింకా దాన్ని కనిపెట్టలేదు.