బయటున్న దినాలు

అరవై నాలుగుల సంగతి. పట్నంల పీయూసీ చదువుతున్న నేను, సెలవులియ్యంగనే పోచంపల్లిల మా యాదలక్ష్మక్క ఇంటికి ఉరికిన. అక్క మగ్గం కాడ లేదు, వంటింట్ల లేదు, ఎనక వాకిట్ల గోనెపట్ట మీద ముడుచుకొని పండింది! బయటున్నది. ఆ దినాలల్ల ఆమెను ఎవ్వరు ముట్టరు, ఆమె మగ్గాన్ని ముట్టదు.

"నీ అక్కకు నెలకు పదిదినాలు సెలవు. మా కాలంల గిట్ల లేకపాయె," అన్నది అక్క అత్త బక్కమ్మ, నవ్వుకుంట.

సెలవా! అక్క నొప్పికి కొంగు నోట్లె పెట్టుకొని కొరుకుతున్నది. పెండ్లయి ఆరేండ్లు, నెలనెలా గిదే బాధ. బయటున్నదని ఎవ్వరు దగ్గరికి పోరు, పోరు గన్క ఎవ్వరికి తెల్వదు!

మగ్గం గుంటలకెళ్లి దశరథం బావను గుంజుకొచ్చిన. బావ గడప కాడ ఆగిండు.

"దగ్గరికొచ్చి చూడు బావా."

"మైల గదనే పిల్లా..."

"ఒక్కసారి చూడు!"

వంగి చూసిండు. అక్కను రెండు చేతుల్ల ఎత్తుకున్నడు.

"ముట్టుకుంటివా! ఇగ మగ్గమెట్ల ముడ్తవ్ రా?" బక్కమ్మ మొత్తుకున్నది.

"మగ్గానికి గూడ సెలవియ్యే అమ్మా."

పట్నం దవాఖానల డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది: "గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట అంటుకుంది. నెలనెలా అది కూడా రక్తం కారుస్తుంది, పోయే తోవ లేక గడ్డ కట్టింది. కోసి తియ్యాలి. సంచి కూడా తియ్యాల్సి రావొచ్చు, కోస్తే గాని తెల్వదు."

బావ వేలికి సిరా రాసుకొని, ఆపరేషనుకు ఒప్పుకునే కాయితం మీద పెట్టకుంట ఆగిండు.

"పిల్లలు కాకపోతె ఏడుస్తవేమో, యాదీ."

"ఏడుస్తనేమో. గాని గీ నొప్పి తీసెయ్యమను."

బావ వేలిముద్ర ఏసిండు.

మూడు గంటలు! నేనైతె వరండల తిరుగుడే తిరుగుడు. ఆఖరికి డాక్టరమ్మ బయటికొచ్చింది. గడ్డ తీసిందంట, లోపల అతుక్కున్నయన్ని ఇడదీసిందంట, సంచి ఉంచిందంట. "మళ్లీ రావొచ్చు. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, సగం నయం," అన్నది.

అక్క కండ్లు తెరవంగనే బావ చెవి కాడికి వంగిండు. "సగం నొప్పి పోయిందంట."

"మిగిలిన సగం?"

"అప్పుడు నేనొచ్చి నీ పక్కన కూసుంట."

"మీ అమ్మ తంతది."

"తన్ననీ. ఇద్దరం కలిసి తిందాం."

అక్కకు నవ్వొచ్చింది, కుట్లు గుంజినయి. "అబ్బ! జర నవ్వియ్యకు," అన్నది, బావ చెయ్యి పట్టుకొని.